దొంగ దొరక్కపోయినా పరిహారం: గుంటూరులో ఒక కేసు పూర్వాపరాలు

2025 మిర్చి సీజన్‌లో ఒక సాయంత్రం, గుంటూరు శివారులో పని ముగించుకుని ఇంటికి నడిచి వెళ్తున్న ఒక మహిళ మెడలో నానుతాడు పట్టి లాగారు బైకు మీద వచ్చిన ఇద్దరు. ఆమె తాడు వదల్లేదు. వెనక కూర్చున్నవాడు కత్తి తీసి కుడి మణికట్టు కోశాడు. తాడూ పోయింది, చెయ్యీ పోయింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ దొరకలేదు. నిందితుడు లేడు, చార్జిషీటు లేదు, విచారణ లేదు. అయినా ఆమెకు ప్రభుత్వ నిధి నుంచి రెండున్నర లక్షల రూపాయల పరిహారం వచ్చింది. ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా ఆ దరఖాస్తు నడిపింది నేను. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు చెప్పడం లేదు, గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. పరిహారం అడగొచ్చని తెలిసినవాళ్లు మాత్రం బహు తక్కువ. అందుకే ఎక్కడెక్కడ ఏం చేశామో, ఎందుకు చేశామో వివరంగా చెప్తాను.

ఆమెకు నలభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది, చిన్నవాడు హైస్కూల్లో ఉన్నాడు. సీజన్‌లో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీయడం, తాలు ఏరడం ఆమె పని. కూలి కేజీల లెక్కన ఇస్తారు. చూడనివాళ్లకు తొడిమ తీయడం ఏమంత పనిలే అనిపిస్తుంది. కాయను ఎడమ చేత్తో పట్టుకుని, తొడిమను కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి, కాయ చిట్లకుండా, గింజ రాలకుండా ఒక్క తుంపుతో ఊడదీయాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే. కత్తి సరిగ్గా ఆ పట్టునే తెంపింది. మణికట్టు లోపలి వైపున మీడియన్ నరం, వేళ్లను ముడిచే టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) తెగాయి. ఆ రాత్రే ఆసుపత్రిలో అతికారు. టెండాన్లు చాలావరకు కుదిరాయి గానీ నరం పూర్తిగా కోలుకోలేదు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రాదు. మొదటి మూడు వేళ్ల కొసల్లో స్పర్శ లేదు.

మా ఆఫీసుకు మొదటిసారి వచ్చిన రోజు ఆమె చూపుడువేలి మీద ఇంత బొబ్బ ఉంది. ఏమైందని అడిగాను. "పెనం తగిలిందంటమ్మా. నాకు తెలవలా. మా పాప చూసి చెప్పింది," అంది.

ఆమెను మా దగ్గరికి పంపింది ఆసుపత్రి వార్డులో తిరిగే ఒక పారా లీగల్ వాలంటీర్, అంటే న్యాయ సహాయం గురించి జనానికి చెప్పే కార్యకర్త. లేకపోతే వచ్చేదే కాదు. "దొంగలే దొరకలేదంటన్నారు గదమ్మా, ఇంక మనకెవరిస్తారు?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. నష్టపరిహారం అంటే నేరం చేసినవాడు కట్టేది, అదీ కోర్టులో కేసు గెలిచాక వచ్చేది అని అందరూ అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా అంతే.

చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 395వ సెక్షన్: శిక్ష వేసేటప్పుడు కోర్టు, జరిమానాలోంచి గానీ విడిగా గానీ, బాధితులకు డబ్బు ఇమ్మని దోషిని ఆదేశిస్తుంది. ఆమె అనుకున్నది ఇదే. రెండోది 396వ సెక్షన్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఎగా 2009 డిసెంబరు 31 నుంచి ఉన్నదే, 2024 జులై 1న కొత్త చట్టంలోకి వచ్చింది. దీని కింద డబ్బు ఇచ్చేది రాజ్యం. నేరస్తుడు ఎవరో తెలియకపోయినా, కోర్టులో విచారణే జరగకపోయినా, బాధితులు ఎవరో తెలిస్తే చాలు, వాళ్లు నేరుగా జిల్లా లేదా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని నాలుగో ఉపసెక్షన్ స్పష్టంగా చెప్తుంది. దరఖాస్తు మీద ఆ సంస్థ విచారణ జరిపి రెండు నెలల్లో తేల్చాలని ఐదో ఉపసెక్షన్ అంటుంది. పౌరుడికి రక్షణ ఇవ్వాల్సింది రాజ్యం, ఇవ్వలేకపోయినప్పుడు కనీసం ఆదుకోవాల్సిందీ రాజ్యమే. ఈ సెక్షన్ వెనక ఉన్న ఆలోచన అదేనని నా నమ్మకం. దొంగను పట్టుకోలేకపోయినచోట ఆ బాధ్యత ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు.

బాధితురాలు మహిళ కాబట్టి మాకు ఇంకో ఆధారం దొరికింది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో మహిళా బాధితుల కోసం ఒక పరిహార పథకం తయారుచేసింది. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి దేశమంతటా వర్తింపజేసింది. రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. లైంగిక దాడి, యాసిడ్ దాడి బాధితులకే ఆ పథకం అని చాలామంది లాయర్లు కూడా పొరబడతారు. షెడ్యూలు, అంటే ఏ నష్టానికి ఎంతో చెప్పే పట్టిక, తెరిచి చూస్తే ప్రాణనష్టం, అవయవ నష్టం, కాలిన గాయాలు, తీవ్ర గాయం, గర్భనష్టం అన్నీ ఉన్నాయి. శాశ్వత వైకల్యం 80 శాతం, ఆపైన అయితే 2 నుంచి 5 లక్షలు, 40 నుంచి 80 లోపు 2 నుంచి 4 లక్షలు, 20 నుంచి 40 లోపు 1 నుంచి 3 లక్షలు, 20 లోపు 1 నుంచి 2 లక్షలు. పునరావాసం అవసరమయ్యే తీవ్ర గాయానికి 1 నుంచి 2 లక్షలు.

ఈ పథకంలో నన్ను ఎప్పుడూ బాధపెట్టే లోటు ఒకటుంది. కొన్ని నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టగానే దాని ప్రతిని స్టేషన్ హౌస్ ఆఫీసరే న్యాయ సేవాధికార సంస్థకు పంపి తీరాలని పథకం చెప్తుంది. యాసిడ్ దాడి, లైంగిక నేరాలు, వరకట్న మరణం, గాయాలతో కూడిన అత్తింటి వేధింపులు ఆ జాబితాలో ఉన్నాయి. దోపిడీలో చెయ్యి తెగిన మనిషి లేదు. కాబట్టి ఆమె కేసు గురించి సంస్థకు ఎవరూ చెప్పరు. ఆమే వెతుక్కుంటూ రావాలి, లేదా ఆమె తరఫున ఎవరో ఒకరు రావాలి. ఆసుపత్రి వార్డుల్లో వాలంటీర్లు తిరగడం ఎందుకంత ముఖ్యమో ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

కాగితాల దగ్గర మొదటి చిక్కు ఎఫ్ఐఆర్‌లోనే వచ్చింది. ఘటన జరిగిన రాత్రి భారతీయ న్యాయ సంహిత 304 కింద, అంటే గొలుసు లాక్కోవడం కింద మాత్రమే కేసు కట్టారు. అప్పటికి వూండ్ సర్టిఫికెట్ (డాక్టరు ఇచ్చే గాయం ధ్రువపత్రం) రాలేదు గనుక అందులో ఆశ్చర్యం లేదు. తర్వాత ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్‌లో గాయం తీవ్రమైనదని స్పష్టంగా ఉన్నా సెక్షన్లు మాత్రం మారలేదు. మేం స్టేషన్‌కు రాతపూర్వకంగా విన్నవించాం. ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం చేసినందుకు 118(2), దోపిడీలో తీవ్ర గాయం చేసినందుకు 311 చేర్చమని అడిగాం. కొంత ఆలస్యమైనా సెక్షన్లు మారుస్తూ ఆల్టరేషన్ మెమో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లింది. పరిహారానికి సెక్షన్ నంబరుతో పనేముంది, గాయం చూస్తే చాలదా అని అడగొచ్చు. షెడ్యూలు గాయాన్నే చూస్తుంది, నిజమే. కానీ దరఖాస్తు చూసేవాళ్ల చేతికి మొదట వచ్చేది ఎఫ్ఐఆర్. అందులో గొలుసు దొంగతనమే కనిపిస్తే మొత్తం విచారణ పోయిన బంగారం చుట్టూ తిరుగుతుంది. పోయిన సొత్తుకు ఈ పథకంలో రూపాయి కూడా రాదు. ఎఫ్ఐఆర్ ప్రతిని బాధితులకు ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. ఆమె దగ్గర అదీ లేదు, అడిగి తీసుకున్నాం.

తర్వాత తేల్చుకోవాల్సింది దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్నది. శాశ్వత వైకల్యం శాతం తేలాలంటే చికిత్స ఒక స్థితికి రావాలి. నరం గాయానికైతే డాక్టర్లు కొన్ని నెలలు ఆగమంటారు. శాతం తెలిశాకే దరఖాస్తు పెడదాం అనుకుంటే ఆ నెలలన్నీ ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? ఆసుపత్రిలో వైద్యం ఉచితంగానే అందింది. కానీ ఆటో ఖర్చులు, బయట కొన్న మందులు, ఫిజియోథెరపీ, అన్నిటికీ మించి పోయిన కూలి కలిసి అప్పటికే 80 వేల అప్పయింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 2,400 వడ్డీకే పోతోంది.

దరఖాస్తు గడువు ఘటన జరిగిన నాటి నుంచి లేదా ఎఫ్ఐఆర్ నాటి నుంచి మూడేళ్లు. తగిన కారణం ఉంటే ఆ తర్వాతా మన్నించొచ్చు. గడువు ఉంది కదా అని ఆగడానికి నాకు మనసు ఒప్పలేదు. మధ్యంతర పరిహారానికి, తుది పరిహారానికి కలిపి ఒకే దరఖాస్తు పెట్టాం. మధ్యంతరానికి తీవ్ర గాయం అన్న పద్దు చూపించాం, వూండ్ సర్టిఫికెట్ ఉంటే దానికి చాలు. వైకల్యం సర్టిఫికెట్ వచ్చాక తుది మొత్తాన్ని వైకల్యం పద్దు కింద లెక్కించాలని అందులోనే కోరాం. మధ్యంతర పరిహారం ఆ పద్దులో గరిష్ఠ మొత్తంలో 25 శాతానికి తగ్గకూడదని, దాన్ని పూర్తిగా బాధితురాలి చేతికే ఇవ్వాలని పథకంలో ఉంది. 2 లక్షల్లో నాలుగో వంతు 50 వేలు. అంతే వచ్చింది. అందులో 40 వేలు ఆమె నేరుగా అప్పు అసలుకే కట్టేసింది. ఆ మంచి నిర్ణయం ఆమె సొంతంగా తీసుకున్నదే.

మధ్యంతర పరిహారం గురించి సుప్రీంకోర్టు 2014లోనే సురేష్ వర్సెస్ హరియాణా రాష్ట్రం కేసులో గట్టిగా చెప్పింది. బాధితులకు తక్షణ సాయం అవసరమా కాదా అని చూడటం కేసు విచారించే కోర్టుల బాధ్యతేనని, అడిగేదాకా ఆగక్కర్లేదని. ఇది దరఖాస్తులో రాస్తే మేలు. మేం రాశాం.

ఇక సదరం, అంటే వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరం. ఫిజియోథెరపీ ముగిశాక సచివాలయంలో స్లాట్ తీసుకుని శిబిరానికి వెళ్లింది. సర్టిఫికెట్‌లో 38 శాతం అని వచ్చింది. ఆ రెండు శాతం తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 40 ఉంటే వికలాంగుల పింఛను నెలకు 6 వేలు, 38కి అది లేదు. 40 ఉంటే షెడ్యూలులో కనీసం 2 లక్షలు, 38కి కనీసం లక్షే. ఆమె చాలా కుంగిపోయింది. మళ్లీ శిబిరానికి వెళ్లి ఇంకో రెండు శాతం వేయించుకోమని చుట్టుపక్కలవాళ్లు సలహాలిచ్చారు, ఎవరికి ఎంతివ్వాలో కూడా చెప్పారు. వద్దన్నాను. డాక్టర్లు కొలిచింది చేతిని, దాన్ని వాళ్లు సరిగానే కొలిచారు. మేం వాదించాల్సింది ఆ చేతితో చేసే పని గురించి.

పరిహారం ఎంతో తేల్చేటప్పుడు గాయం తీవ్రత, వైద్య ఖర్చు, ఉపాధి నష్టం, ఆర్థిక స్థితి లాంటివన్నీ చూడాలని పథకంలోనే ఉంది. 20 నుంచి 40 శాతం శ్రేణిలో పై హద్దు 3 లక్షలు. కాబట్టి 38 శాతాన్ని ఒప్పుకుంటూనే పై హద్దు అడగొచ్చు. దీనికి మోటారు ప్రమాదాల చట్టం నుంచి ఒక వాదన తెచ్చుకున్నాను. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు శరీర వైకల్యం శాతం వేరు, సంపాదన శక్తి కోల్పోయిన శాతం వేరు అని తేల్చింది. చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో ఉపాధి దాదాపు పూర్తిగా పోయినట్టే, ప్రభుత్వాఫీసులో గుమాస్తాకు అలా కాదు. ఆ తీర్పు ఈ పథకానికి నేరుగా వర్తించేది కాదని నాకు తెలుసు, ఆ మాటే చెప్పి వాదించాను. కానీ చెయ్యి చెయ్యే, పని పనే.

అయితే ఆమె ఆ పని చేసేదని రుజువేది? జీతం స్లిప్పు లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రి అఫిడవిట్ ఇవ్వడానికి మొదట భయపడ్డాడు, కోర్టు గొడవ తన మెడకు చుట్టుకుంటుందేమోనని. ఆమెతో కలిసి పనిచేసిన ఇద్దరు ఆడవాళ్లు ముందు సంతకాలు పెట్టాక అతనూ పెట్టాడు. మేస్త్రి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఒక్కో రోజు ఎవరు ఎన్ని కేజీలు తీశారో అందులో రాసుకుంటాడు. ఆమె పేరు ఎదురుగా రెండు సీజన్ల అంకెలున్నాయి. ఆ పేజీల జిరాక్సులే మా ఉత్తమ సాక్ష్యం. అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఇ-శ్రమ్ కార్డు కూడా జత చేశాం.

విచారణ నాడు సంస్థ కార్యదర్శి, సీనియర్ సివిల్ జడ్జి హోదా అధికారి, ఆమెను కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడారు. ఏం పని చేసేవారమ్మా అని అడిగితే ఆమె మాటల్లో చెప్పలేక చేత్తో చూపించబోయింది. ఎడమ చెయ్యి కాయ పట్టినట్టు వచ్చింది. కుడి బొటనవేలు అరచేతి పక్కనే ఆగిపోయింది, చూపుడువేలిని అందుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నేను రాసుకున్న వాదన అక్కడితో సగం చదవకుండానే ఆపేశాను.

తుది అవార్డు రెండున్నర లక్షలు. అడిగింది మూడు. దీని మీద 30 రోజుల్లోగా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు వివరంగా చెప్పాను. వద్దమ్మా, ఇది చాలు, మళ్లీ తిరగలేను అంది. అవార్డులో ఉపాధి నష్టం గురించి విడిగా ఒక పేరా రాశారు. శ్రేణిలో కింది హద్దు దగ్గర ఆపకపోవడానికి కారణం అదేనని అందులో ఉంది. నాకు రెండున్నర లక్షల కంటే ఆ పేరా ఎక్కువ తృప్తినిచ్చింది. తర్వాత వచ్చే హమాలీకి, కుట్టు మిషను పనివాళ్లకు చూపించడానికి ఒక దారి ఏర్పడింది.

డబ్బు ఖాతాలో పడటానికి ఇంకా సమయం పట్టింది, కారణం ఆమె సంతకం. ఖాతా తెరిచినప్పుడు ఆమె కుడి చేత్తో సంతకం పెట్టింది. ఇప్పుడు పెట్టలేకపోతోంది. ఎడమ చేతి వేలిముద్ర వేస్తే పాత సంతకంతో సరిపోలడం లేదని బ్యాంకులో కేవైసీ ఆపేశారు. ఎందుకు సంతకం పెట్టలేకపోతోందో వూండ్ సర్టిఫికెట్, సదరం సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా ఇచ్చాం, ఇద్దరు సాక్షుల ముందు సంతకానికి బదులు వేలిముద్ర నమోదు చేయించాం. చెయ్యి దెబ్బతిన్న కేసుల్లో ఇప్పుడు నేను దరఖాస్తు పెట్టకముందే బ్యాంకు ఖాతా చూస్తున్నాను.

మధ్యంతరంగా ఇచ్చిన 50 వేలు పోను మిగిలింది 2 లక్షలు. పథకం ప్రకారం అందులో 75 శాతం, అంటే లక్షా 50 వేలు, కనీసం పదేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. నెలనెలా వడ్డీ ఆమె ఖాతాలో పడుతుంది. చేతికొచ్చిన 50 వేలతో మిగిలిన 40 వేల అప్పు తీరిపోయింది. డిపాజిట్ నిబంధన వెనక మంచి ఉద్దేశమే ఉంది. బాధితురాలి డబ్బు బంధువుల పాలు కాకుండా కాపాడాలని. చిన్నపిల్లల విషయంలో నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కానీ ఇరవై ఏళ్లుగా సొంత కష్టంతో ఇల్లు నడిపిన మనిషికి, నూటికి మూడు వడ్డీ కట్టే మనిషికి పదేళ్ల తాళం అన్యాయమే. మధ్యంతర పరిహారం ముందుగా రాకపోయి ఉంటే తుది డబ్బు వచ్చేదాకా నెలనెలా 2,400 వడ్డీ కడుతూనే ఉండేది, ఆ తర్వాతా డిపాజిట్‌లో తన డబ్బు ఉండగానే అప్పు కొంత మిగిలేది.

చదువు, వైద్యం లాంటి అత్యవసరాలకు ఆ డిపాజిట్ నుంచి తీసుకునే వీలు పథకంలో ఉంది, సంస్థ అనుమతి కావాలి. బొటనవేలికి కొంత కదలిక తేవడానికి టెండాన్ ట్రాన్స్‌ఫర్ ఆపరేషన్ చేయొచ్చని డాక్టర్లు చెప్పారు. స్పర్శ రాదు గానీ పట్టు కొంత రావచ్చు. ఆపరేషన్ తర్వాత కోలుకునే నెలల్లో ఇల్లు గడవడానికి, పెద్దమ్మాయి ఫీజుకు కలిపి 40 వేలు విడుదల చేయమని దరఖాస్తు పెట్టాం, డాక్టరు రాసిన సలహా, కాలేజీ ఫీజు రశీదు జతచేసి. మంజూరైంది.

పోలీసు ఫైలు, ఆచూకీ తెలియలేదన్న నివేదికతో ప్రస్తుతానికి మూతపడింది. ఆ ఇద్దరూ ఎప్పుడైనా పట్టుబడితే దర్యాప్తు మళ్లీ తెరుస్తారు, ఆమె ముఖ్య సాక్షి అవుతుంది. కోర్టు 395 కింద వాళ్లనుంచి పరిహారం ఇప్పించవచ్చు. తాను ఇచ్చిన డబ్బును వాళ్లనుంచి రాబట్టడానికి న్యాయ సేవాధికార సంస్థ కూడా చర్య తీసుకోవచ్చు. అందుకే ఆమె మొదటి వాంగ్మూలం మళ్లీ చదివించాను. బైకు రంగు ఉంది. వెనక కూర్చున్నవాడి ముంజేతి మీద పచ్చబొట్టు ఉందని ఆమె నాతో మొదటి రోజే చెప్పింది, వాంగ్మూలంలో మాత్రం అది లేదు. స్టేషన్‌కు తీసుకెళ్లి అదనపు వాంగ్మూలం ఇప్పించి, దాని ప్రతి తెచ్చి మా ఫైల్లో పెట్టాను.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ అది. ఆమె నాకు గానీ దరఖాస్తుకు గానీ రూపాయి కట్టలేదు. గుంటూరులో అయితే జిల్లా కోర్టు ప్రాంగణంలోని సంస్థ కార్యాలయానికి నేరుగా రావచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతి, వూండ్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకుంటే చాలు. దొంగ పేరు అక్కర్లేదు.